పెళ్లి పప్పు మీద పౌడరు కొట్టిన పోలమ్మ

మార్చి నెలలో సేఫ్టీ వారోత్సవాలు వచ్చినప్పుడు పోలమ్మను చంపుదామని ఫ్యాక్టరీ వాళ్లు నిర్ణయించారు. అంతకుముందు ప్రతి ఏడూ మగవాళ్లనే చంపుతూ వచ్చారు. ఈసారి ఆడమనిషి కావాల్సొచ్చింది.

ఫ్యాక్టరీ జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపురంలో ఉంది. లారీలకు గేర్లు చేస్తుంది. ఏడాదికోసారి అక్కడ మంటలు అంటుకున్నట్టు ఒక నాటకం ఆడతారు. దానికి మాక్ డ్రిల్ అని పేరు. డ్రమ్ములో పాత గుడ్డలు కాల్చి పొగ పెడతారు. సైరన్ మోగిస్తారు. ఎవరో ఒకడు స్పృహ తప్పినట్టు పడుకుంటే రెస్క్యూ టీం వాళ్లు మోసుకొస్తారు. మేనేజర్లు చప్పట్లు కొడతారు. తర్వాత సమోసాలు పంచుతారు. సమోసాల వరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ కిందటేడు వచ్చిన ఆడిటరు పోతూ పోతూ, "మీ దగ్గర ఆడవాళ్లు కూడా పనిచేస్తున్నారు కదా, వాళ్లకి ప్రమాదాలు జరగవా?" అని అడిగిపోయాడు. సేఫ్టీ ఆఫీసరు సీతారామరావు మనసులో ఆ మాట ఉండిపోయింది. ఆయన ఇచ్ఛాపురం వైపు మనిషి. ఇంట్లో తెలుగు, అత్తవారింట్లో ఒడియా, ఫ్యాక్టరీలో హిందీ మాట్లాడతాడు. మూడు భాషల్లోనూ జాగ్రత్తలే చెబుతాడు.

హౌస్‌కీపింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లని పోగేసి, చచ్చినట్టు పడుకోవడానికి ఎవరొస్తారని అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. పోలమ్మ మాత్రం చెయ్యెత్తింది.

"తొంగున్నందుకు జీతం కొయ్యరు కదా సార్?"

"కొయ్యం."

"అయితే నానే సత్తాను. ఇంట్లో తొంగోడానికి ఎలాగూ కుదర్దు."

పోలమ్మకి నలభై అయిదేళ్లుంటాయి. మనిషి ఒడ్డూ పొడుగూ. గొంతు దానికి తగినంత. తండ్రి టెక్కలి దగ్గరి పల్లె నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పోలమ్మ పుట్టిందీ పెరిగిందీ జంషెడ్‌పూర్‌లోనే అయినా మాట మాత్రం తండ్రిదే. భర్త ముసలయ్య టాటానగర్ స్టేషన్‌లో పార్సిళ్లు ఎత్తే పని చేస్తాడు. సన్నగా, నిశ్శబ్దంగా ఉంటాడు. ఆయన మాట్లాడాల్సినవి కూడా పోలమ్మే మాట్లాడేస్తుంది కాబట్టి ఆయనకి మిగిలేది తక్కువ. కూతురు బిందుప్రియ డిగ్రీ చదువుతోంది. తల్లి తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ బాగానే అర్థమవుతుంది.

డ్రిల్లు రోజున పోలమ్మ రెండో అంతస్తులో ప్యాకింగ్ గదిలో అట్టపెట్టెల మధ్య వెల్లకిలా పడుకుంది. కళ్లు తెరవద్దని, పలకవద్దని సీతారామరావు గట్టిగా చెప్పాడు. సైరన్ మోగింది. కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. రెస్క్యూ టీంకి నాయకుడు హరికిరణ్. మెషిన్ షాపులో ఫిట్టరు. పొద్దున్నే జిమ్ముకి వెళ్లి కండలు పెంచినవాడు. నలుగురు కుర్రాళ్లని వెంటేసుకుని పొగలోంచి దూసుకొచ్చాడు. పోలమ్మని చూసి ఆగిపోయాడు.

"అరే, లేడీస్ హై" అన్నాడు.

నలుగురూ చుట్టూ నిలబడ్డారు. ఒకడు కాళ్లు పట్టుకోమన్నాడు. నువ్వే పట్టుకో అన్నాడు ఇంకొకడు. భుజాల కింద చెయ్యి వెయ్యాలని నేర్పించారు గానీ అక్కడ చీర ఉంది, రేపు ఎవరైనా ఏమైనా అంటే? చివరికి ఒకడు వంగి, ఎంతో మర్యాదగా, "ఆంటీ, మీరే నడిచి కిందికి వచ్చేయండి" అన్నాడు.

పోలమ్మ చచ్చిపోయి ఉంది కాబట్టి పలకలేదు. సారుకి మాటిచ్చింది.

ఆడవాళ్లని ఎవరినైనా పిలుచుకొద్దామని చెప్పుకుని వాళ్లు దిగిపోయారు. కింద గేటు దగ్గర అప్పటికే జనాన్ని లెక్కపెడుతున్నారు. పిలుస్తున్నవి పర్మనెంటు ఉద్యోగుల పేర్లు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు అందులో లేవు. కాబట్టి లెక్క చక్కగా సరిపోయింది. అందరూ క్షేమం అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. హరికిరణ్‌కి కూడా అందరూ క్షేమమే అనిపించి ఉంటుంది, సమోసాల వరసలోకి వెళ్లాడు.

పైన పోలమ్మకి మంచి నిద్ర పట్టింది. మెలకువ వచ్చేసరికి పొగ లేదు, మనుషులు లేరు. జుట్టుకి థర్మోకోల్ ముక్కలు అంటుకుని ఉండగా మెట్లు దిగి వచ్చింది. మేనేజరు మైకు ముందు నిలబడి, ఈ సంస్థకి ప్రతి ప్రాణమూ విలువైనదే అంటున్నాడు. పోలమ్మ తిన్నగా వెళ్లి సీతారామరావు ఎదుట నిలబడింది.

"సార్, నాను సచ్చిపోనానా, బతికున్నానా? ఏదో ఒకటి తేల్చండి. సచ్చిపోతే మాయింటికి కబురెట్టండి. బతికుంటే నా సమోసా ఏదీ?"

మైకు దగ్గరగా ఉండటంతో ఆ మాట ఫ్యాక్టరీ అంతా వినిపించింది. తెలుగు రాని వాళ్లకి కూడా సమోసా అర్థమైంది.

హరికిరణ్ ముఖం వాడిపోయింది. పోలమ్మ అతని వైపు తిరిగింది. "ఒరే బాబూ, నాను నీకు అమ్మ వయసుదాన్ని. కాలిపోతన్నదాన్ని ముట్టుకోడానికి మొగమాటమేట్రా? రేపు నిజంగా అంటుకుంటే మీయమ్మని కూడా నడిచి రమ్మంతావా?"

సీతారామరావు ఆ రాత్రి సరిగ్గా తిండి తినలేదని తర్వాత ఆయనే చెప్పాడు. మర్నాడు రెండు పనులు చేశాడు. లెక్కపెట్టేటప్పుడు గేటు లోపల ఉన్న ప్రతి మనిషినీ కలపాలన్నాడు. శనివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లకి శిక్షణ మొదలుపెట్టాడు. ఆరుగురు చేరారు. పోలమ్మని ఎవరూ పిలవలేదు. ఆవిడే వచ్చి ముందు వరసలో కూర్చుంది.

మొదటి క్లాసులో సీతారామరావు బోర్డు మీద త్రికోణం గీశాడు. "మంటకి మూడు కావాలి. కాలడానికి ఒక వస్తువు, వేడి, గాలి. మూడూ ఉంటేనే మంట. ఒక్కటి తీసేసినా ఆరిపోతుంది" అన్నాడు.

"మా వదిన భద్రమ్మలాగన్నమాట" అంది పోలమ్మ. "ఆవిడ లెగాలన్నా మూడు కావాల. ఓ మాట, కొంచిం ఏడి, పక్కన ఊదడానికో మనిషి."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. సీతారామరావు నవ్వు ఆపుకుని, నీళ్లు పోస్తే వేడి పోతుందని, మూత పెడితే గాలి ఆగుతుందని, గ్యాసు కట్టేస్తే కాలే వస్తువే ఉండదని చెప్పాడు. కర్రకీ గుడ్డకీ కాగితానికీ నీళ్లు పనికొస్తాయి. మరిగే నూనె మీద మాత్రం నీళ్లు పోయకూడదు. నీళ్లు నూనె అడుక్కి దిగి ఒక్కసారి ఆవిరైపోతాయి, మండే నూనెని నాలుగు వైపులా ఎగజిమ్ముతాయి. కరెంటు మంటైతే ముందు మెయిన్ ఆపాలి. పోలమ్మ అన్నీ విని, "మరి భద్రమ్మ వదిన్లోంచి ఏటి తీసెయ్యాలి సార్?" అని అడిగింది. అది సిలబస్‌లో లేదన్నాడాయన.

పనిలోకి దిగాక మాత్రం నవ్వులు తగ్గాయి. ఇనప పళ్లెంలో డీజిలు పోసి అంటించి, మంటలార్పే ఎర్ర సిలిండరు చేతికిచ్చారు. పోలమ్మ పిన్ను లాగకుండానే పిడి నొక్కింది. ఏమీ రాలేదు. సిలిండరుని బూతులు తిట్టింది. పిన్ను లాగాక పౌడరు బయటికొచ్చింది గానీ అదంతా మంట కొసల మీదకి కొట్టింది. మంట పక్కకి వంగి మళ్లీ లేచింది.

"మొదలు చూసి కొట్టమ్మా, మొదలు! అటూ ఇటూ ఊపుతూ" అని అరిచాడు సీతారామరావు.

రెండోసారి మొదలు చూసే కొట్టింది. అయితే గాలికి ఎదురు నిలబడింది. పౌడరంతా తిరిగొచ్చి ఆవిడ ముఖం మీదే పడింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తే తలుపు తీసిన బిందుప్రియ ఒక్క అడుగు వెనక్కి వేసి, "మమ్మీ, భూత్ లగ్ రహీ హో" అంది. పోలమ్మ అద్దంలో చూసుకుని దయ్యమేనని ఒప్పుకుంది. గాలి ఎప్పుడూ వీపు వెనక ఉండాలన్నది మాత్రం ఆ రోజుతో ఒంట్లోకి ఎక్కింది.

తర్వాత పొగ. మంట కన్నా పొగే ముందు చంపుతుందని, అది పైకి లేస్తుందని, ఊపిరాడే గాలి నేల దగ్గరే ఉంటుందని సీతారామరావు చెప్పాడు. అందరినీ మోకాళ్ల మీద పాకించాడు. మూసి ఉన్న తలుపు తెరిచే ముందు అరచెయ్యి కాకుండా చెయ్యి వెనకవైపు ఆనించి వేడి చూడమన్నాడు. పోలమ్మ చీర కుచ్చిళ్లు మోకాళ్ల కింద పడి రెండుసార్లు బోర్లా పడింది. మూడో శనివారానికి బిందుప్రియ పాత సల్వారు వేసుకొచ్చింది. అది నడుం దగ్గర బిగుతైంది, అయినా పాకగలిగింది.

మనిషిని ఎత్తలేకపోతే లాగమని నేర్పారు. దుప్పటి మీదకి దొర్లించి, తల వైపు అంచు రెండు చేతుల్తో పోగేసి పట్టుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చడం. పోలమ్మ ముందు తన పక్కన పనిచేసే కల్యాణిని లాగింది. కల్యాణి తేలిక. ఆ తర్వాత సీతారామరావు హరికిరణ్‌ని పిలిచి పడుకోమన్నాడు. అతను సిగ్గుపడుతూ పడుకున్నాడు. పోలమ్మ దుప్పటి అంచు చుట్టి పట్టి, ఆ జిమ్ము శరీరాన్ని షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క ఊపున ఈడ్చేసింది. మధ్యలో కాలువ గట్టు దగ్గర అతని తల టక్కుమంది.

"సూసుకోవాలి కదా పోలమ్మా" అన్నాడు సీతారామరావు.

"సూసుకున్నాను సార్" అంది పోలమ్మ.

ఈ చదువంతా ఇంట్లో ముసలయ్య నెత్తి మీదకొచ్చింది. మంచం మీద బీడీ బందు. గ్యాసు గొట్టం పగుళ్లిచ్చిందని కొత్తది తెప్పించింది. తలగడ కింద ఫోను చార్జింగు పెట్టిందని బిందుప్రియతో రోజూ యుద్ధం. ఒకరోజు పక్కింటావిడ చెయ్యి కాలి టూత్‌పేస్టు రాసుకుంటుంటే, పోలమ్మ ఆవిడని కుళాయి దగ్గరికి లాక్కుపోయి ధార కింద చెయ్యి పెట్టించింది. ఎంతసేపని ఆవిడ ఏడిస్తే, "సారు ఇరవై నిమిషాలన్నాడు, నీ సెయ్యి కాబట్టి అరగంట ఉంచు" అంది.

అంతలో మే నెల వచ్చింది. ముసలయ్య అక్క భద్రమ్మ కూతురు తనూజకి పెళ్లి కుదిరింది. క్లాసులో మంటతో పోల్చింది ఈ భద్రమ్మనే. పెళ్లికొడుకు అదే ఊళ్లో జుగ్‌సలాయి కుర్రాడు. కద్మాలో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. పెళ్లి పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం భోజనాలు.

పోలమ్మ హాల్లోకి వస్తూనే ద్వారాలు వెతికింది. ముందు వైపు ఒకటి ఉంది. పక్క వైపు ఇంకొకటి ఉంది గానీ దానికి తాళం వేసి ముందర ప్లాస్టిక్ కుర్చీలు పేర్చారు. వెనక వైపు వంటగదిలోకి ఒక చిన్న దారి. వంటగది అంటే రేకుల షెడ్డు, దాని ముందు నీడకోసం రంగుల పరదాలు కట్టిన పందిరి. పోలమ్మ వెళ్లి భద్రమ్మ చెవిలో కుర్చీలు తీయిద్దామంది.

"ఓలమ్మీ, ఇది మీ ఫేక్ట్రీ కాదే. నా కూతురు పెళ్లి. ఓ మూల కూకుని తిని ఎల్లు" అంది భద్రమ్మ.

పోలమ్మ మూల కూర్చోలేదు గానీ ఊరుకుంది. ముసలయ్యని మాత్రం పంపి ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని తెమ్మంది. ఆయన తెచ్చి జేబులో వేసుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు ఆయనకి లేదు.

మొదటి పంక్తికి విస్తళ్లు వేశారు. పందిరి కింద పొడుగు బల్ల మీద పులిహోర, పప్పు, దప్పళం, వంకాయ కూర పెద్ద పెద్ద గిన్నెల్లో మూతల్లేకుండా వరసగా పెట్టారు. బూరెలు చివరి వాయిలో ఉన్నాయి. వంట మేస్త్రీ మూకుడు పొయ్యి మీద ఉంచి, మంట తగ్గించకుండా, ఫోను రాగానే బయటికి పోయాడు. చాలా ముఖ్యమైన కాల్ అయ్యుంటుంది. నూనె ముందు పొగలు కక్కింది, తర్వాత భగ్గుమంది.

పోలమ్మకి వాసన ముందు తెలిసింది. షెడ్డులోకి తొంగి చూసేసరికి మూకుడు నిండా మంట, పైన పరదా అంచు నల్లబడుతోంది. ఒక వంటమనిషి భయంతో నీళ్ల బకెట్టు ఎత్తాడు. పోలమ్మ ఒక్క తోపు తోసింది. బకెట్టు, మనిషి రెండూ చెరో వైపు పడ్డాయి.

"నీల్లు పోత్తే సచ్చిపోతావ్‌రా సన్నాసి! అందరూ బయిటికి నడండి! బిందూ, ఫోన్ కొట్టు!"

బిందుప్రియ అప్పటికే కొడుతోంది. పెళ్లిలో అరుపులన్నీ అరుపుల్లా ఉంటే ఆ పిల్ల గొంతు మాత్రం స్థిరంగా ఉంది. కద్మా మార్కెట్ వెనక, ఫలానా హాలు, వంటగదిలో నూనె మంట, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి, లోపల జనం ఉన్నారు అని హిందీలో వరసగా చెప్పింది. ఫైరింజను వాళ్లు పెట్టేయమనేదాకా ఫోను పెట్టలేదు.

సిలిండర్లు షెడ్డు గోడకి అవతల ఉన్నాయి. ముసలయ్య నడుం వంచి, పొగ కిందుగా గోడ చుట్టూ వెళ్లి, ఒక్కొక్క సిలిండరూ తిప్పి కట్టేశాడు. పొయ్యి ఆరింది. నూనె మాత్రం తనంతట తానే మండుతోంది. మూకుడు మూత దాని పక్కనే ఉంది, కానీ మంట ఎత్తుగా లేచి పరదాని పట్టుకుంది, దగ్గరికి పోవడానికి లేదు. హాలు ఆఫీసు గది తలుపు మూసుకుపోకుండా మంటలార్పే ఎర్ర సిలిండరొకటి అడ్డం పెట్టి ఉండటం పోలమ్మ పొద్దున్నే చూసింది. పరుగెత్తి దాన్ని తెచ్చింది. దాని మీటరు ముల్లు పచ్చ గీత దగ్గరే ఉంది, అంటే లోపల ఒత్తిడి సరిగ్గానే ఉంది. ఆ హాల్లో సరిగ్గా పనిచేసే వస్తువు అదొక్కటే.

పిన్ను లాగింది. దూరంగా నిలబడింది. గాలి వీపు వెనక ఉండాలి కదా. వీపు వెనక స్టాండు ఫ్యాను గిర్రున తిరుగుతోంది. పోలమ్మకి సంతోషమేసింది. మొదలు చూసి, అటూ ఇటూ ఊపుతూ కొట్టింది. మూకుడులో మంట చచ్చిపోయింది. పరదా మీది మంటా చచ్చిపోయింది. ఫ్యాను ఆ పౌడరు మేఘాన్ని ఎంతో శ్రద్ధగా ముందుకి తోసింది. ముందు ఉన్నది పొడుగు బల్ల. పప్పు మీద, పులిహోర మీద, దప్పళం మీద, మూడొందల మందికి వండిన వంట మీద మెత్తగా, సమానంగా, తెల్లగా దిగింది.

ఆ సంగతి చూసుకునే తీరిక అప్పుడు లేదు. కాలిన పరదా పొగ హాల్లోకి పోతోంది. ముసలయ్య కుర్చీలు తోసి పక్క తలుపు తాళం తీశాడు, జనం రెండు వైపులా బయటపడ్డారు. ఒక్కాయన మాత్రం కదల్లేదు. పెళ్లికొడుకు పెదనాన్న సూర్యం గారు. మోకాళ్ల నొప్పులవల్ల కాళ్లు మడిచి బల్ల దగ్గర కూర్చోలేక, వంటగది దారి పక్కనే తివాచీ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆయన కోసమని విస్తరి కూడా అక్కడే వేశారు.

"సూర్యంగారూ, లెగండి. పొగొచ్చేత్తంది" అంది పోలమ్మ.

"పొగ లేకుండా వంటెలగవుద్దమ్మా? విస్తట్లోంచి లెగిస్తే పెళ్లికి అశుభం. బూరెలొచ్చాయా?"

పొగ ఆయన తల మీదుగా పాకుతోంది. రెండో మాట మాట్లాడలేదు పోలమ్మ. తివాచీ అంచు చుట్టి పట్టుకుంది. ఆయన్ని, విస్తరిని, మంచినీళ్ల గ్లాసుని కలిపి ఒకే లాగుడు లాగింది. ఆయన దేవుళ్లని, తమ్ముణ్ని, చివరికి పోలీసుల్ని పిలిచారు. పోలమ్మ వెనక్కి నడుస్తూ, "తల ఎత్తుకోండి, గడపొచ్చేత్తంది!" అని అరిచింది. హాలు ముందరి చెట్టు నీడలోకి తెచ్చి ఆపేసరికి ఆయన పంచె సగం జారింది. విస్తరి మాత్రం ఒళ్లోనే ఉంది.

ఫైరింజను వచ్చింది. వాళ్లు పరదా మిగిలిన ముక్కల మీద నీళ్లు కొట్టారు, చల్లారని నూనె మళ్లీ అంటుకోవచ్చని మూకుడు మీద మూత పెట్టించారు, రేకులు తడిమి చూశారు. ఎవరికీ ఏమీ కాలేదు. బకెట్టు ఎత్తిన వంటమనిషికి మోచెయ్యి గీరుకుంది, అది పోలమ్మ ఖాతా.

అప్పుడు భద్రమ్మ బల్ల దగ్గరికి వెళ్లింది. పప్పు గిన్నెలోకి చూసింది.

"ఓలి నా తల్లో! పెళ్లి కూడు నాశినం సేసేసినావు కదే! మంటే కదా, ఆరిపోను! మూడొందల మందికి ఏటెట్టమంతావే?"

పెళ్లికొడుకు వైపు మేనమామ ఒకడు ముందుకొచ్చి, పై పొర తీసేస్తే అడుగున బాగానే ఉంటుందన్నాడు. ఇంకొకడు వేలుతో కాస్త పప్పు తీసి నాలిక మీద వేసుకుని, ఉప్పు సరిపోయిందన్నాడు. పోలమ్మ పెద్ద గరిటె తీసుకుని బల్ల ముందు నిలబడింది.

"ఇది తినే కూడు కాదు. ఎవుడైనా సెయ్యెట్టినాడంటే ఏళ్లు ఇరగ్గొడతాను. ఒదినా, నువ్వు కావాలంటే నన్ను తిట్టుకో. పప్పు మాత్రం పారబొయ్యాల్సిందే."

భద్రమ్మ ఆ అవకాశం వదులుకోలేదు. చాలాసేపు తిట్టింది. పోలమ్మ ఎదురు చెప్పలేదు. ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచి అంతసేపు ఊరుకున్నది అదే మొదలని ముసలయ్య అంటాడు. చెట్టు కింద సూర్యం గారు తనని కుక్కని లాగినట్టు లాగారని వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నారు. పెళ్లికొడుకు తండ్రి మర్యాద సంగతి ఎత్తాడు. కాసేపు సంబంధమే చెడిపోయేలా కనిపించింది.

దాన్ని ఆపింది తనూజ. పట్టుచీరతో, మెడలో పొద్దుటి తాళితో నడిచొచ్చి, "బహుత్ భూఖ్ లగీ హై" అంది. ఆకలి మాట వినగానే అందరికీ తమ కడుపులు గుర్తొచ్చాయి. మగవాళ్లు నలుగురు కద్మా మార్కెట్టు మీద పడ్డారు. కనిపించిన ప్రతి బండి దగ్గరా పూరీలు, కూర, లిట్టీ, జిలేబీ, ఉన్నదంతా మూటగట్టించుకొచ్చారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఫైరింజను పక్కన కుర్చీలేసుకుని తిన్నారు. ఇంజను వాళ్లకి కూడా పెట్టారు. భద్రమ్మ జిలేబీ తింటూ మధ్యలో ఆపి రెండుసార్లు ఏడ్చింది, మళ్లీ తింది.

సోమవారం పోలమ్మ తిన్నగా సీతారామరావు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ముఖంలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు. "నాను తప్పు సేసినానా సార్? మూతెట్టాలా?" అని అడిగింది.

ఆయన కాగితం మీద మూకుడు, పరదా గీశాడు. "మంట మూకుడు లోపలే ఉంటే మూత చాలు. పైన గుడ్డ అంటుకుంది కాబట్టి పౌడరే సరి. కానీ ఫ్యాను ఆపాలి పోలమ్మా. అది మంటకీ గాలి ఇస్తుంది. పైగా గాలి నీ వెనక ఉందా లేదా చూసుకున్నావు గానీ నీ ముందు ఏముందో చూసుకోలేదు."

"పప్పుంది సార్."

"ఈసారి పప్పుంది. మనిషి ఉండుంటే?"

ముందు ఏముందో చూసుకోమని క్లాసులో చెప్పడం తనే మర్చిపోయానని కూడా ఆయన అన్నాడు. తర్వాతి శనివారం మంట అవతల ఖాళీ పెట్టెలు పేర్చి, వాటి మీద పౌడరు పడకుండా ఎలా నిలబడాలో, ఫ్యాను ఎవరు ఆపాలో కొత్తగా మొదలుపెట్టాడు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే చేశారు. హరికిరణ్ ఇప్పుడు ఎవరినైనా భుజాల కింద చెయ్యేసి ఎత్తుతాడు. ఎత్తే ముందు "సారీ ఆంటీ" అనడం మాత్రం పోలేదు.

భద్రమ్మ వర్షాకాలం అంతా పోలమ్మతో మాట్లాడలేదు. ఇది కొంచెం సుఖంగానే ఉందని పోలమ్మ చెప్పేది గానీ, రోజూ ముసలయ్యని అడిగేది, మీ అప్ప ఏమైనా అన్నాదా అని. ఈలోగా సూర్యం గారి సంగతి తిరగబడింది. ఆయన్ని తివాచీతో ఈడుస్తున్న వీడియో ఎవడో కుర్రాడు తీశాడు. అది బంధువుల ఫోన్లన్నింటికీ పాకింది. మొదట్లో ఆయనకి తల తీసేసినట్టయింది. కానీ ఎక్కడికి వెళ్లినా జనం దాని గురించే అడగడం మొదలుపెట్టారు. అంతవరకూ ఆయన్ని ఎవరూ ఏమీ అడిగి ఎరగరు. నెల తిరిగేసరికి కథ మారింది. చుట్టూ మంటలు. ఆయన స్పృహలో లేరు. ఒక మహాతల్లి వచ్చి లాగింది. బూరెల ప్రస్తావన ఎక్కడా లేదు. దీపావళికి ఆయనే పోలమ్మ ఇంటికి పండ్లు పంపించారు. పెళ్లికొడుకు వైపు నుంచి పండ్లు వెళ్లాయని తెలిసి భద్రమ్మ అంతకన్నా పెద్ద బుట్టతో స్వయంగా వచ్చింది.

"నాకేటి కోపం లేదే. పప్పు ఉడకలేదని నాకూ అనుమానంగానే ఉన్నాది" అంది గడపలో నిలబడి.

పోలమ్మ లోపలికి రమ్మని మంచం వేసింది. ఇద్దరూ కూర్చుని ఆ వంట మేస్త్రీని సాయంత్రం దాకా తిట్టారు.

ఇప్పుడు తెలిసినవాళ్లింట ఏ పెళ్లి జరిగినా పోలమ్మకి శుభలేఖ తప్పదు. ఆవిడ వచ్చిందంటే అక్షింతలకన్నా ముందు వెనక వైపు వంటగదికి నడుస్తుంది. వంటవాళ్లకి అది బొత్తిగా గిట్టదు. దూరం నుంచి చూడగానే, నోరు లేవకముందే, వేడి గారెలు రెండు ఆకులో పెట్టి చేతికందిస్తారు. ఆవిడ వద్దనదు. గారె కొరుక్కుంటూనే సిలిండర్ల దాకా వెళ్లి, గొట్టాలు ఒక్కొక్కటీ వంగి చూసి, "ఫ్యాను స్విచ్చి ఎక్కడున్నాదిరా?" అని అడుగుతుంది.